ఊరికే చేసిన రిపేరు చెడితే

స్పానరు పట్టే ప్రతివాడికీ ఈ క్షణం తెలుసు. బోల్టు బిగుస్తూ బిగుస్తూ వస్తుంది, ఇంకో పావు తిప్పు చాలనుకుంటాం. అంతలో చేతికి ఆనే బిగువు కాస్తా పోయి, స్పానరు మెత్తగా జారిపోతుంది. మర పోయిందన్నమాట. అప్పుడు చెయ్యి ఆగిపోతుంది, కళ్లు మాత్రం పక్కన ఎవరైనా చూశారా అని వెతుకుతాయి.

నాకది మంగళగిరిలో మా చెల్లెలి ఇంటి వాకిట్లో జరిగింది. ఆదివారం. "బావగారూ, ఎలాగూ భోజనానికి వస్తున్నారుగా, మా బండికి ఆయిల్ మార్చి పెడతారా? డబ్బా తెచ్చి ఉంచా" అని మా బావగారు ముందురోజే ఫోన్ చేశారు. వంద సీసీ బండి, ఆయిల్ మార్చడమంటే పావుగంట పని. తెనాలిలో మా షెడ్డులో రోజుకు పది బండ్లకు చేస్తాను. 17 నంబరు స్పానరు, ఒక పాత ట్రే బ్యాగులో వేసుకుని వెళ్లాను. ఇంజను కింద డ్రెయిన్ బోల్టు తీశాను, నల్లటి ఆయిలంతా కారిపోయింది, బోల్టు తుడిచి మళ్లీ పెట్టి బిగించాను. మెత్తబడింది. కొత్త ఆయిల్ పోస్తే చుక్క చుక్కా గచ్చు మీద పడుతోంది.

బోల్టు ఇనుపది, ఇంజను కేసు అల్యూమినియం. బలంగా బిగిస్తే ఓడిపోయేది అల్యూమినియమే. అంతకుముందు ఎవరో ఏ వాటర్ వాష్ దగ్గరో పొడుగు రాడ్డు వేసి బిగించి ఉంటారు, మర అప్పటికే సగం చచ్చి ఉంటుంది. బావగారికి అదే చెప్పబోయాను. ఆయన ముఖంలో మాత్రం ఒకటే మాట కనపడుతోంది: "ఇన్నాళ్లూ బాగానే ఉందిగా!" పైకి అనలేదు. చుట్టాలు పైకి అనరు.

నిజానికి తప్పు ఎవరిది? ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను. బోల్టు తీసినప్పుడే దాని మరల మధ్య సన్నటి అల్యూమినియం పొట్టు మెరుస్తూ అంటుకుని ఉంది. చూశాను, గుడ్డతో తుడిచేశాను. అదే మా షెడ్డులో అయితే ఆగి, కస్టమరుని పిలిచి, "ఇదిగో సార్, మర పోతోంది. బిగిస్తే పట్టొచ్చు, పట్టకపోవచ్చు, పోతే బుష్ వేయించాలి" అని చూపించేవాణ్ని. వంటింట్లోంచి కోడికూర వాసన వస్తోంది, ఊరికే చేసే పని, మనవాళ్ల బండి. చెప్పకుండా బిగించేశాను. పొట్టు కనపడిన క్షణం దాకా అది బండికున్న పాత జబ్బు. చూసి కూడా నోరు మూసుకున్నాను కాబట్టి అది నా తప్పయింది.

ఇరవై ఆరేళ్లుగా ఈ పని చేస్తున్నాను. ఊరికే చేసిపెట్టే రిపేర్ల గురించి నాకు తెలిసిన విషయమంతా ఆ పొట్టులోనే ఉంది. డబ్బు తీసుకున్నామా లేదా అన్నది తర్వాతి సంగతి. వస్తువు విప్పగానే కనపడినదాన్ని, ఇంకో స్క్రూ ముట్టుకోకముందే యజమానికి చెప్పామా లేదా అన్నదాని మీదే ఆ తర్వాత జరిగే పంచాయితీ అంతా ఆధారపడి ఉంటుంది.

మొహమాటం పనుల్లో మనం సరిగ్గా ఈ మాటనే మింగేస్తాం. డబ్బిచ్చే కస్టమరుకి ఎస్టిమేటు చెప్తాం, రిస్కు చెప్తాం, పాత సామాను చేతికిస్తాం. బావమరిదికీ పక్కింటాయనకీ చెప్పం. చెప్తే పని తప్పించుకోవడానికి సాకులు వెతుకుతున్నాడనుకుంటారేమోనని భయం. బండి కింద కూర్చునే ముందు ఒక ఫొటో తీసి, మీటరు మీద కిలోమీటర్లు కూడా కనపడేలా ఇంకోటి తీసి, వాళ్ల వాట్సాప్‌కే పంపండి. "మళ్లీ ఆయిల్ ఎప్పుడు మార్చాలో గుర్తుండటానికి" అనండి, ఎవరూ ఏమీ అనుకోరు. విప్పాక ఏదైనా తేడా కనపడితే దాన్నీ ఫొటో తీసి పంపి, "ఇది ముందే ఇలా ఉంది, చెయ్యమంటారా ఆపమంటారా?" అని అడగండి. చెయ్యమంటేనే ముట్టుకోండి. ఆ ఒక్క మెసేజీ ఎన్ని మాటలనైనా ఆపుతుంది.

చట్టం సంగతి చూద్దాం. నేను ప్లీడరుని కాను, కానీ షెడ్డు నడిపేవాడు ఈమాత్రం తెలుసుకోకపోతే కుదరదు. ఒకరి వస్తువును బాగుచేయడానికి మన దగ్గర పెట్టుకుంటే, అది 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం కిందికి వస్తుంది. 148వ సెక్షన్ మొదలుకొని ఈ అప్పగింతల గురించే ఉంటుంది. 151వ సెక్షన్ ప్రకారం, వివేకం ఉన్న మామూలు మనిషి తన సొంత వస్తువును ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో, అప్పగించిన వస్తువును కూడా అంత జాగ్రత్తగా చూడాలి. ఆ మాట 'అన్ని అప్పగింతలకూ' వర్తిస్తుందని అందులోనే ఉంది. డబ్బు తీసుకుంటే ఒక కొలత, తీసుకోకపోతే ఇంకో కొలత అని లేదు. "ఊరికే చేశాను కదండీ" అనే మాట అక్కడ పనికిరాదు. ఆ తర్వాతి సెక్షన్ మన వైపు ఉంటుంది: అంత జాగ్రత్తా తీసుకున్నాక కూడా వస్తువు పోతే, వేరే ఒప్పందం లేనప్పుడు, మన మీద బాధ్యత లేదు. కాబట్టి తేలాల్సింది డబ్బు సంగతి కాదు, జాగ్రత్త సంగతి.

వినియోగదారుల కమిషన్ మాత్రం వేరే దారి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో 'సేవ' అన్న మాటకిచ్చిన అర్థంలోంచి, ఉచితంగా చేసే సేవను తీసేశారు. నిజంగా పైసా తీసుకోకుండా చేసిన పనికి అక్కడికి వెళ్లడం కుదరదు, సివిల్ కోర్టు దారి మాత్రం ఉంటుంది. అందుకే ఆ టీ ఖర్చుల దగ్గర జాగ్రత్త. "ఊరికే ఎందుకు, ఉంచు తమ్ముడూ" అంటూ జేబులో రెండొందలు కుక్కుతారు. పని బాగున్నన్నాళ్లూ అది టీ ఖర్చే. చెడ్డాక అది కూలా, టీ ఖర్చా అన్న వాదన మొదలవుతుంది. నా అలవాటు ఒకటే. తీసుకుంటే షెడ్డు రేటు తీసుకుని చీటీ రాసిస్తా, లేదంటే పైసా ముట్టను. సామానుకి మాత్రం వాళ్లనే షాపుకి పంపిస్తా, బిల్లు వాళ్ల పేరు మీదే ఉంటుంది.

ముందు చెప్పిన కాంట్రాక్టు చట్టంలోనే నాకు ఇష్టమైన ఉదాహరణలు రెండున్నాయి, రెండూ గుర్రాల గురించే. ఒకాయన తన గుర్రం పొగరుబోతుదని తెలిసి కూడా చెప్పకుండా ఇంకొకాయనకు ఎరువిస్తాడు. అది పరుగు లంకించుకుని ఎక్కినవాణ్ని పడేస్తుంది. నష్టం ఇచ్చినవాడే భరించాలి. ఇంకో చోట ఒకాయన కాశీ వెళ్తానని కలకత్తాలో గుర్రాన్ని అద్దెకు తీసుకుని కటక్ వైపు తోలుకుపోతాడు. జాగ్రత్తగానే నడిపాడు, అయినా గుర్రం పడి దెబ్బ తగిలించుకుంది. చెప్పిన దారి తప్పాడు కాబట్టి నష్టం ఇచ్చుకోవాల్సిందే.

రెండో గుర్రం మా షెడ్లలో రోజూ తిరుగుతుంది. "ట్రయల్ వేసొస్తా" అని కస్టమరు బండి తీసుకెళ్లి, అదే దారిలో స్కూలుకెళ్లి పిల్లాణ్ని దింపి వస్తాం. మనవాళ్ల బండైతే సాయంత్రం దాకా మన దగ్గరే ఉంటుంది. ట్రయల్‌లో గీత పడితే దానికో సమాధానం ఉంది. పిల్లాడి స్కూలు ముందు పడితే ఏం చెప్తారు? కుర్రాళ్లను పనిలో పెట్టుకున్నవాళ్లు ఈ మాట వాళ్లకు మొదటి రోజే చెప్పాలి.

ఇక పొగరుబోతు గుర్రం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు వీధులన్నీ మునిగినప్పుడు, నీళ్లలో నానిన బండ్లు మా తెనాలి దాకా వచ్చాయి. తెలిసినవాళ్లవి, చుట్టాలవి. ఆ పరిస్థితిలో డబ్బులు అడగడానికి మనసొప్పలేదు, చాలామందిమి ఊరికే చేశాం. ప్రతివాళ్లనీ అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "నీళ్లు దిగాక స్టార్ట్ చేసి చూశారా?" సిలిండరులోకి నీళ్లు వెళ్లిన ఇంజనుని సెల్ఫ్ కొడితే, నీళ్లు గాలిలా నొక్కుకోవు కాబట్టి కనెక్టింగ్ రాడ్డు వంగిపోవచ్చు. ముందు ప్లగ్గు తీయాలి, నీళ్లు కక్కించాలి, పాలు కలిసిన టీ రంగులోకి మారిన ఆయిల్ పారబోయాలి, ఒకటికి రెండుసార్లు కడిగి మళ్లీ పోయాలి. "లేదన్నా, అస్సలు ముట్టుకోలేదు" అనేవాళ్లు. రెండు బండ్లు విప్పితే రాడ్డు వంగి ఉంది. ఏడెనిమిదిసార్లు సెల్ఫ్ కొట్టామని ఇంట్లో పిల్లలు తర్వాత చెప్పారు. మా కుర్రాడు అప్పటికే ఒక ఇంజను మొత్తం విప్పి పరిచాడు కాబట్టి చూసేవాళ్లకు చెడగొట్టింది వాడే. అప్పటినుంచి ఊరికే చేసే పనైనా సరే, తీసుకునేటప్పుడే అడిగి, వాళ్లు చెప్పిన జవాబు ఫోన్‌లో రాసి వాళ్లకే పంపుతున్నాను.

ఉచితంగా ఒప్పుకున్న పనిని మూలన పడేయడం ఇంకో జబ్బు. డబ్బిచ్చేవాళ్ల బండ్లు ముందు కదులుతాయి, మనవాళ్లది "రేపు చూద్దాంలే" అంటూ గోడకానించి ఉంటుంది. ఇస్తానన్న గడువు మన తప్పు వల్ల దాటిపోతే, అప్పటినుంచి ఆ వస్తువుకి ఏం జరిగినా మన నెత్తి మీదే అని 161వ సెక్షన్. దొంగ ఎత్తుకుపోయినా సరే. చేతకాకపోతే రెండో రోజే తిరిగి ఇచ్చేయండి.

సర్వీస్ సెంటర్లలో, షోరూముల్లో జీతానికి చేసే తమ్ముళ్లకు ఒక మాట. మీ స్నేహితుడు వారంటీలో ఉన్న ఫోనో ఫ్రిజ్జో తెచ్చి "బయట నువ్వే చూసెయ్యి, లోపలైతే వారం పడుతుంది" అంటాడు. సీలు తీస్తే వారంటీ పోవచ్చు, ఆ నష్టం మీ ఖాతాలో పడుతుంది. అంతకన్నా పెద్ద ప్రమాదం ఉద్యోగానిది. కంపెనీ టైములో, కంపెనీ పనిముట్లతో, జాబ్ కార్డు లేకుండా చేసిన పని చెడితే, స్నేహితుడు నేరుగా కౌంటరు దగ్గరికి వచ్చి మీ పేరే చెప్తాడు. చెడ్డోడై కాదు, ఆయనకి తెలిసిన దారి అదే. మీ మేనేజరుకి మీ మంచితనం కనపడదు, దొంగచాటు పని కనపడుతుంది. జాబ్ కార్డు వేయించి, లేబరు ఛార్జీ మీరే కట్టండి. సాయం చేసినట్టే ఉంటుంది, మీ మీదికీ రాదు.

ఫోన్ల పని చేసేవాళ్లైతే, డిస్‌ప్లే కాంబో మార్చడం కన్నా లోపలి ఫొటోల గురించే ఎక్కువ భయపడాలి. కాంబో పోతే ఇంకోటి తెచ్చుకోవచ్చు. పోయిన నాన్నగారి వాయిస్ మెసేజీ ఏ బజార్లోనూ దొరకదు. బ్యాకప్ తీసుకొచ్చాకే ఫోన్ తెరవండి, తీయకపోతే పని ఆపండి. ఇందులో మొహమాటానికి చోటు లేదు.

ఆఫీసులో సారు అడిగినప్పుడు సంగతి వేరే. "శ్రీనూ, ఆదివారం ఓసారి ఇంటికొచ్చి మిక్సీ చూసి పోరా" అంటారు. కాదనలేం. పేరుకే సాయం, అడిగే గొంతులో ఆర్డరే ఉంటుంది. మోటారు కాలిపోయి, సోమవారం నుంచి సారు మొహం మారిపోయి, నెలాఖరుకి జీతంలో ఏదో కోత కనపడితే ఏం చేయాలి? నష్టం పేరుతో జీతం కోయడానికి ఇదివరకు 1936 నాటి వేతన చెల్లింపు చట్టంలో హద్దులుండేవి, ఇప్పుడు 2019 వేతనాల కోడ్‌లోనూ ఉన్నాయి. ఉద్యోగంలో భాగంగా మీకు అప్పగించిన సామాను మీ నిర్లక్ష్యం వల్లే పాడైతే తప్ప కోయకూడదు, అదీ మీరు చెప్పుకునేది విన్నాకే. సారింటి మిక్సీ కంపెనీ సామాను కాదు. ఈ ముక్క ఆయన మొహం మీద చెప్పమని నేననను, ఉద్యోగం చేసుకోవాలిగా. అడిగినప్పుడే "నాకు మిక్సీ మోటార్లు అంత బాగా రావు సార్, మా వీధిలో వైండింగ్ చేసే ఆయన్ని పంపిస్తా" అనడం తేలిక. తెలియని పనిని తెలియదనడం మన చేతివృత్తిలో చిన్నతనమేమీ కాదు.

కొన్ని పనులు మాత్రం ఎంత దగ్గరివాళ్లు అడిగినా మొహమాటానికి చేయకూడదు. బ్రేకులు వాకిట్లో విప్పి ఆదరాబాదరా బిగించే పని కాదు. గ్యాస్ ట్యూబు, రెగ్యులేటరు అంతే. ఊళ్లలో అన్నిటికన్నా ఎక్కువ ప్రాణాలమీదికి తెచ్చేది ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు. "మన ఎలక్ట్రీషియన్ తమ్ముడు ఉన్నాడుగా" అని రాత్రిపూట పంపిస్తారు. ఎవడో కింద ఏబీ స్విచ్ ఆపానంటాడు, పూర్తిగా విడిపోయిందో లేదో చీకట్లో కనపడదు. ఆ పని లైన్‌మన్‌ది. 1912కి ఫోన్ చేయండి, ఆ రాత్రి పొలం తడవకపోతే పోనివ్వండి. మన నిర్లక్ష్యం వల్ల ఇంకొకరి ప్రాణం పోతే, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 106వ సెక్షన్ ఉంది, ఐదేళ్ల దాకా జైలు పడొచ్చు. సాయానికి వెళ్లానంటే ఆ సెక్షన్ వర్తించకుండా పోదు.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నాక కూడా చెడుతుంది. అప్పుడు ఎవరెంత పెట్టుకోవాలి? నా లెక్క నేను చెప్తాను, ఒప్పుకోవడం మీ ఇష్టం. నా అజాగ్రత్త వల్ల పోతే సామానూ నాదే, లేబరూ నాదే. పాత జబ్బని ముందే చూపించి, సరేనన్నాకే చేసి ఉంటే సామాను వాళ్లది, లేబరు నేను వదిలేస్తా. చూసి కుదరక, తెచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే తిరిగి ఇచ్చేస్తే ఎవరూ ఎవరికీ బాకీ లేరు. ఇంకొక్కటి. ఆరేళ్లు వాడిన టీవీ మీ చేతిలో పోతే మీరివ్వాల్సింది ఆరేళ్ల టీవీ విలువే, కొత్త టీవీ కాదు. తప్పు చేశామన్న కంగారులో "కొత్తది కొనిచ్చేస్తా అక్కా" అని నోరు జారకండి. ఆ మాట మీద నిలబడలేక తర్వాత తప్పించుకు తిరిగితే, వస్తువు పోయినదానికన్నా మీ మాట పోయినందుకే ఎక్కువ బాధపడతారు.

చెప్పే తీరు గురించి కూడా ఒక మాట, ఎందుకంటే మంగళగిరిలో నాకూ ఆశ పుట్టింది. బ్యాగులో టెఫ్లాన్ టేపు ఉంది. బోల్టు చుట్టూ రెండు చుట్లు వేసి పెడితే వారమో పది రోజులో కారకుండా ఆగుతుంది. ఆ తర్వాత గుంటూరు రోడ్డు మీద ఆయిల్ మొత్తం కారిపోయి ఇంజను పట్టేస్తుంది, లేకపోతే వెనక టైరుకి ఆయిల్ అంటుకుని మలుపులో బండి జారుతుంది. వెనక సీట్లో మా చెల్లెలు ఉంటుంది. టేపు చేతిలోకి తీసుకుని మళ్లీ బ్యాగులో పెట్టేశాను. లోపలికెళ్లి చెప్పాను: "బావగారూ, డ్రెయిన్ బోల్టు మర పోయింది. ముందునుంచే అరిగి ఉంది, అది చూసి కూడా నేనే బిగించాను. బండి తీయకండి. రేపు ఆటోలో షెడ్డుకి తెప్పిస్తా, ఎల్లుండి సాయంత్రానికి ఇస్తా." ఏమైంది, ఎవరి వల్లయింది, ఇప్పుడు ఏం వాడకూడదు, ఎప్పటికి అవుతుంది. అంతే. చుట్టూ తిప్పి వాటర్ వాష్ వాణ్ని తిట్టలేదు. ఆయన ఒక్క నిమిషం ఊరుకుని, "సరే, ముందు భోంచేద్దాం రండి" అన్నారు.

లేతు దగ్గర రంధ్రం పెద్దది చేయించి, బుష్ ఎక్కించి, పాత సైజుకే ట్యాప్ కొట్టించాను. లోపల పొట్టు మిగలకుండా ఇంజను రెండుసార్లు కడిగాను. ఆటోకీ, లేతుకీ, ఆయిలుకీ కలిపి 1,200 రూపాయలైంది. అందులో ఆయిల్ డబ్బులు ఇస్తానని బావగారు పట్టుబట్టారు, తీసుకోలేదు.

చేయించుకునేవాళ్లకు నాది ఒక్కటే విన్నపం. ఊరికే చేయించుకుంటున్నప్పుడు కాస్త రిస్కు మీరు కూడా నెత్తిన పెట్టుకున్నట్టే. అంతకుముందు ఎవరు విప్పారో, ఎక్కడ పడిందో, ఏ శబ్దం ఎన్నాళ్లనుంచి వస్తోందో దాచకుండా చెప్పండి. చెడితే చేసినవాడి మొహం చూడండి. తప్పు ఒప్పుకున్నవాణ్ని పదిమందిలో అల్లరి పెట్టకండి. ఇంకోసారి వాడు ఎవరికీ సాయం చేయడు, ఒప్పుకోను కూడా ఒప్పుకోడు.

ఆ బుష్ వేసి నాలుగేళ్లయింది. ఇంతవరకు చుక్క కారలేదు. బావగారు ఇప్పుడు ఆయిల్ మార్చాలంటే బండిని తెనాలి షెడ్డుకే తెస్తారు, ఆదివారాలు భోజనానికి వెళ్తే నేను స్పానర్లు తీసుకెళ్లను.